డబ్బుతోనా, గడియారంతోనా, క్యాలెండరుతోనా: చిన్న తరగతుల లెక్కలకు ఏది ఎప్పుడు?

చిన్నపిల్లలకు లెక్కలు చేతికందే వస్తువులతో చెప్పాలనుకోగానే మూడు గుర్తొస్తాయి: చిల్లర డబ్బులు, గోడ గడియారం, క్యాలెండరు. మూడూ ఇంట్లో ఉన్నవే. అందుకే చాలామంది మూడింటినీ ఒకే నెలలో మొదలుపెడతారు, పిల్లలు తికమకపడేదీ అక్కడే. రూపాయల్లో పది ఒకట్లు కలిస్తే ఒక పది. గడియారంలో అరవై నిమిషాలైతేనే గంట. క్యాలెండరులో ఏడు రోజులకు వారం, నెలకేమో 28 నుంచి 31 దాకా ఎన్నైనా ఉండొచ్చు. తీసివేతలో పది తెచ్చుకోవడం ఇంకా కుదరని పిల్లను "8:40 నుంచి 10:15 దాకా ఎంతసేపు?" అని అడిగితే 1015లోంచి 840 తీసేసి 175 అంటుంది. దాన్నే గంటా డెబ్బై అయిదు నిమిషాలని చదువుతుంది. పదుల లెక్క కుదరకముందే అరవైల లెక్క చేతికిచ్చినందువల్ల వచ్చే తప్పు ఇది.

కాబట్టి ఏది సరదాగా ఉంటుందని కాదు, మీ పిల్లకు ఇప్పుడు ఏ లెక్క రావాలో చూసి ఎంచుకోండి.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, గుంపు ఎన్నింటికి మారుతుంది: పదికా, అరవైకా, ఏడుకా. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే.

రెండోది, పిల్ల చేత్తో కదపగలదా. నాణేలు ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టొచ్చు. నిమిషాన్ని తీసి పక్కన పెట్టలేం, ముల్లును తిప్పగలం అంతే. క్యాలెండరులో వేలితో గడులు దాటొచ్చు.

మూడోది, తప్పు చేస్తే ఆ వస్తువే చెబుతుందా. కొట్టు ఆటలో చిల్లర తేడా వస్తే అవతలి పిల్ల ఊరుకోదు. గడియారంలో 3:50ని 4:50 అని చదివితే ఎవరూ ఆపరు.

నాలుగోది, పిల్ల రోజులో అది నిజంగా ఉందా. ఇప్పుడు డబ్బు ఇక్కడ వెనకబడింది. ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తున్నారు, చిల్లర తిరిగి తీసుకోవడం చూడని పిల్లలు ఎక్కువవుతున్నారు. గడియారాలదీ అదే దారి, ఫోన్ మీద అంకెలే కనిపిస్తాయి.

| చూడాల్సింది | డబ్బు | గడియారం | క్యాలెండరు |
|---|---|---|---|
| గుంపు మారేది | 10, 100కి | 60, 12, 24కి | 7కి. నెలలు ఎగుడుదిగుడు |
| బాగా కుదిరే లెక్క | స్థాన విలువ, కూడిక, తీసివేత, దశాంశాలు | 5వ ఎక్కం, భిన్నాలు, మధ్యలో ఎంతసేపు | 7వ ఎక్కం, శేషం, వరుస సంఖ్యలు |
| ముందే రావాల్సింది | 20 దాకా లెక్కించడం | 5 చొప్పున 60 దాకా ఆపకుండా చెప్పడం | 31 దాకా అంకెలు గుర్తుపట్టడం |
| ఎక్కువగా వచ్చే తప్పు | విలువ బదులు బిళ్ళల సంఖ్య చెప్పడం | గంటను ఒకటి ఎక్కువ చదవడం | మొదటి రోజును కలపాలో వద్దో తెలియకపోవడం |
| నలుగురు పిల్లలకు ఖర్చు | రూ. 120 చిల్లర (తిరిగి మనదే) | పాత గడియారం లేదా అట్టముక్క | ఏమీ లేదు |

డబ్బు: తీసివేత కుదరని పిల్లకు ఇదే

రెండంకెల కూడిక, తీసివేతల్లో తడబడుతుంటే మిగతా రెండూ పక్కన పెట్టి డబ్బే తీసుకోండి. అయితే ఒక మెట్టు ముందు ఆగాలి. పది రూపాయల బిళ్ళ రూపాయి బిళ్ళకు పదింతలు ఉండదు. పదిలో పది ఒకట్లు ఉన్నాయని కంటికి కనిపించదు, నమ్మాలి. ఆ నమ్మకం పుల్లల కట్టతో వస్తుంది: చీపురుపుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి, విప్పి, మళ్లీ కట్టించండి. ఐదు రూపాయల బిళ్ళలు మూడు ఒకవైపు, రూపాయి బిళ్ళలు ఐదు ఒకవైపు పెట్టి ఏది ఎక్కువని అడగండి. "ఐదు బిళ్ళలున్నదే" అంటే పుల్లలతో ఇంకొన్నాళ్లు చేయించాలి.

డబ్బులోనూ రెండు దారులున్నాయి.

*అసలు నాణేలు.* నలుగురికి రూపాయి బిళ్ళలు 20, రెండు రూపాయలవి 10, ఐదువి 6, పదివి 5 సరిపోతాయి. మొత్తం 120 రూపాయలు. బరువు, చప్పుడు, నిజం డబ్బన్న శ్రద్ధ కలిసి పిల్లలు జాగ్రత్తగా లెక్కపెడతారు. ఇబ్బందల్లా గుర్తుపట్టడంతో వస్తుంది. 2011 వరసలో రెండు రూపాయల బిళ్ళ 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలది 23. 2019 వరసలో అది తిరగబడి రెండు 23, ఐదు 25 అయింది. రెండు వరసలూ ఇప్పుడు చేతుల్లో తిరుగుతున్నాయి కాబట్టి "పెద్దది ఎక్కువ" అని ఎప్పుడూ చెప్పకండి, అంకె చదివించండి. పది, ఇరవై రెండూ 27 మిల్లీమీటర్లే. ఇరవైకి మాత్రం పన్నెండు అంచులుంటాయి, వేలితో తడిమి చెప్పొచ్చు. ఇంట్లో మూడేళ్లలోపు చంటిపిల్లలుంటే నాణేలు నేలమీద వదలొద్దు, మింగేస్తారు.

*కాగితం చీటీలు.* మూడు రంగుల అట్టముక్కలు కత్తిరించి 1, 10, 100 అని రాయండి. ఒక్కొక్కటి ఇరవై ఉంటే చాలు. స్థాన విలువకు అసలు నోట్ల కంటే ఇవే మేలు, ఎందుకంటే 2, 5, 20, 50 లేవు. ఆ మధ్య విలువలు బజారులో పనికొస్తాయి, పదుల లెక్క నేర్చుకునేటప్పుడు మాత్రం దారి తప్పిస్తాయి. అసలు నోట్లను జిరాక్స్ తీసి వాడకండి. చట్టం ఒప్పుకోదు, అవసరం కూడా లేదు.

చీటీలతో 52 – 27 ఇలా చేయించాలి. ఒక పిల్ల బ్యాంకు దగ్గర కూర్చుంటుంది. రెండో పిల్ల ముందు ఐదు పదులు, రెండు ఒకట్లు ఉంటాయి. ఏడు ఒకట్లు ఇవ్వాలి, లేవు. ఒక పది చీటీని బ్యాంకు చేతిలో పెట్టి పది ఒకట్లు తెచ్చుకుంటుంది. ఇప్పుడు నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు. రెండు పదులు, ఏడు ఒకట్లు తీసేస్తే 25. జవాబు 35 వచ్చిందంటే పిల్ల పది ఒకట్లు తెచ్చుకుంది గానీ పది చీటీని ఇవ్వడం మరిచిపోయింది. పలకమీద చేసే తీసివేతలో పదుల అంకెను తగ్గించడం మరిచే తప్పు సరిగ్గా ఇదే. అందుకే నియమం గట్టిగా పెట్టండి: ముందు పది ఇవ్వాలి, ఆ తర్వాతే ఒకట్లు అందుకోవాలి. రెండు వారాలు రోజుకు ఐదు లెక్కలు ఇలా చేయించి, మూడో వారం చీటీలతో చేస్తూనే పక్కన పలకమీద రాయించండి. చేతిపనినీ రాతనూ కలపకుండా చీటీలు తీసేస్తే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత కొట్టు ఆట. ఇక్కడ పాతకాలపు కిరాణా కొట్టాయన పద్ధతే నేర్పాలి. 37 రూపాయల సరుకుకు 50 ఇస్తే ఆయన తీసివేత చేయడు. మూడు రూపాయలు పెట్టి "నలభై", పది పెట్టి "యాభై" అంటాడు. చేతిలోకి పదమూడు వచ్చేస్తుంది. ఇలా ఎక్కించి లెక్కపెట్టడం పిల్లకు బాగా అలవాటు కానివ్వండి, గడియారంలో మళ్లీ కావాలి. సరుకుల ధరలు మొదట 10 లోపు, తర్వాత 5తో ముగిసేవి, చివరికి 37, 68 లాంటివి పెట్టండి.

పైసల సంగతి వేరు. యాభై పైసల బిళ్ళ ఇంకా చెల్లుతుంది గానీ పిల్లలు చూసి ఉండరు. 25 పైసలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. కాబట్టి నాలుగో తరగతిలో పైసలు చెప్పేటప్పుడు పిల్లకు తెలిసిన విషయం అనుకోకండి, రూపాయికి 100 పైసలని కొత్తగానే చెప్పాలి. కరెంటు బిల్లు, పెట్రోలు బంకు మీటరు చూపించి చుక్క తర్వాత అంకెలేంటో అడగండి. రూ. 5.5 అంటే ఐదు రూపాయల ఐదు పైసలని చదివితే రూ. 5.50, రూ. 5.05 రెండూ పక్కపక్కన రాసి, ఒక్కోదానికి ఎన్ని పైసలో మొత్తం చెప్పించండి: 550, 505. దశాంశాలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

గడియారం: తొందరపడితే ఎక్కువ చెడేది ఇదే

రెండు ముళ్లు, ఒకే అంకెకు రెండు అర్థాలు. 4 అంటే చిన్న ముల్లుకు నాలుగు గంటలు, పెద్ద ముల్లుకు ఇరవై నిమిషాలు. 5 చొప్పున 60 దాకా తడుముకోకుండా చెప్పలేని పిల్లకు నిమిషాలు మొదలుపెట్టకండి. మొదట రెండు వారాలు పెద్ద ముల్లు లేని గడియారం చాలు. చిన్న ముల్లు ఒక్కటే పెట్టి "మూడు దాటింది", "మూడుకీ నాలుక్కీ మధ్యలో", "నాలుగు కావస్తోంది" అనిపించండి. ఈ మెట్టు దాటేస్తే 3:50 దగ్గర చిన్న ముల్లు 4ని ఆనుకుని కనిపించి పిల్ల 4:50 అనేస్తుంది. ఎన్నాళ్లకీ పోని తప్పు అది.

ఏ గడియారం తీసుకోవాలి?

ఇంట్లో మూలపడిన పాత బ్యాటరీ గోడ గడియారం దొరికితే అదే అన్నిటికంటే మంచిది. సెల్లు తీసేసి, ముందున్న అద్దం ఊడదీసి, వెనక టైము సరిచేసే మరను పిల్లచేత తిప్పించండి. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి చిన్న ముల్లు ఒక అంకె జరుగుతుంది. ఆ సంబంధం చేతికి తెలుస్తుంది.

అట్ట గడియారంలో ఆ సంబంధం ఉండదు, ముళ్లు దేనికది తిరుగుతాయి. "3:30 పెట్టు" అంటే పిల్ల చిన్న ముల్లును సరిగ్గా 3 మీద పెట్టి ఊరుకుంటుంది, మనమూ సరే అంటాం. అట్టదే వాడక తప్పకపోతే చిన్న ముల్లు ఎక్కడుండాలో ప్రతిసారీ అడగండి. చేసేటప్పుడు అట్టను 25 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రంగా కత్తిరించి, అదే కొలత కాగితాన్ని రెండుసార్లు మడిచి, మడతల మీద ముందు 12, 3, 6, 9 రాయాలి. తర్వాత ఒక్కో పావులో రెండేసి అంకెలు. 1, 2, 3 అని వరుసగా రాసుకుంటూ పోతే చివర్లో 10, 11 ఇరుక్కుంటాయి. చిన్న ముల్లు 6, పెద్దది 10 సెంటీమీటర్లు చేసి రంగులు వేరుగా వేయండి. తేడా తక్కువుంటే ఏది ఏదో పోల్చుకోలేరు.

మూడోది కాగితం పట్టీ. 61 సెంటీమీటర్ల పట్టీ తీసుకుని సెంటీమీటరుకొక గీత చొప్పున 0 నుంచి 60 దాకా గీయండి. మిగిలిన ఒక సెంటీమీటరుకు జిగురు రాసి, 60 వచ్చి 0 మీద పడేలా రెండు కొసలూ అంటిస్తే దాదాపు 19 సెంటీమీటర్ల వెడల్పు వలయం అవుతుంది. దాని లోపలి వైపు ప్రతి ఐదో గీత దగ్గర 1 నుంచి 12 అంకెలు రాస్తే నిమిషాల గడియారమే. అంటించకముందు పరిస్తే సంఖ్యారేఖ, చుట్టి అంటిస్తే గడియారం. గంటకు 60 నిమిషాలు ఎక్కడున్నాయో చూపడానికి దీన్ని మించింది లేదు. అంకెల గడియారం, ఫోన్ యాప్‌లు ఈ పనికి రావు. 7:05లో సున్నా ఎందుకుందో చెప్పడానికి పనికొస్తాయి, అంతే.

మన భాష ఇక్కడ పెద్ద సాయం. మూడుంపావు, మూడున్నర, పావుతక్కువ నాలుగు అని ఇంట్లో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. అదే పావు కిలోలోనూ ఉంది, పావలాలోనూ ఉంది. రూపాయికి పదహారణాలున్న రోజుల్లో నాలుగణాలు పావలా, 1957 ఏప్రిల్ 1న వంద పైసలొచ్చాక అదే పాతిక పైసలు. పావు అంటే 15 అని గడియారంతో మాత్రమే నేర్చుకున్న పిల్ల పావు కిలో అంటే 15 గ్రాములంటుంది. ఈ పట్టిక గోడకు అంటించండి.

| | గంట (60 నిమి.) | రూపాయి (100 పైసలు) | కిలో (1000 గ్రా.) |
|---|---|---|---|
| పావు | 15 | 25 | 250 |
| అర | 30 | 50 | 500 |
| ముప్పావు | 45 | 75 | 750 |

మొత్తం మారితే పావు మారుతుందన్నది భిన్నాల పాఠంలో అసలు సంగతి. వృత్తాలు గీసి రంగులేయించే కంటే ఇది త్వరగా ఎక్కుతుంది.

మధ్యలో ఎంతసేపో చెప్పడానికి నిలువు తీసివేత నేర్పకండి. కొట్టాయన చిల్లర పద్ధతే వాడండి. 8:40 నుంచి 9:00కి 20 నిమిషాలు, 9 నుంచి 10కి గంట, 10 నుంచి 10:15కి 15 నిమిషాలు. మొత్తం గంటా ముప్పై అయిదు. ఐదో తరగతిలో రైల్వే టైముకూ ఇదే: 22:40కి బయల్దేరి 05:15కి చేరే బండికి, 24:00 దాకా 1 గంట 20 నిమిషాలు, అర్ధరాత్రి తర్వాత 5 గంటల 15 నిమిషాలు, మొత్తం 6 గంటల 35 నిమిషాలు.

రాతలో ఒక జాగ్రత్త. మనం సాయంత్రం 3.30 అని చుక్క పెట్టి రాస్తాం. దశాంశాలు నేర్చుకున్న పిల్ల మూడున్నర గంటలను 3.3 గంటలనుకుంటుంది. అసలైతే అది 3.5 గంటలు. తరగతిలో టైముకు 3:30 అని రెండు చుక్కలే వాడండి.

క్యాలెండరు: రోజుకు ఐదు నిమిషాలు, అంతకంటే వద్దు

ఇది పెద్ద పాఠం కాదు, రోజూ చేయాల్సిన చిన్న పని. ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. ఇవాళ సున్నా అనుకుంటే రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి ముందుకు 1, 2, 3. నిన్న, మొన్న, అటుమొన్న వెనక్కి 1, 2, 3. ఈ ఆరు మాటలూ వేలితో గడులమీద చూపించగలిగితే ముందుకు, వెనక్కి లెక్కించడం వచ్చినట్టే. "మొన్న" అనే మాటను పెద్దవాళ్లు ఈమధ్య అనే అర్థంలోనూ వాడతారు, బడిలో మాత్రం కచ్చితంగా రెండు రోజుల వెనక్కే.

ఏ క్యాలెండరన్నది ముఖ్యమే. ఇంటి గోడమీది తెలుగు క్యాలెండరులో తిథి, నక్షత్రం, రాహుకాలం అన్నీ కిక్కిరిసి ఉంటాయి. కొన్నిటిలో వారాల పేర్లు ఎడమవైపు, తేదీలు పైనుంచి కిందికి నడుస్తాయి. నెల ఆరో వారంలోకి జరిగితే చోటు చాలక చివరి తేదీలను మొదటి గడుల్లో వేస్తారు. 2026 ఆగస్టు శనివారం మొదలవుతుంది కాబట్టి 30 ఆదివారం, 31 సోమవారం అలా ఒకటో తేదీకంటే ముందు కనిపించవచ్చు. చిన్నపిల్లకు అది అర్థం కాదు. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు నిలువు వరసలతో మీరే గీసిన నెల చాలు. తిథులను లెక్కలకు వాడొద్దు. ఒక తిథి రెండు రోజులు ఉండొచ్చు, మరొకటి లోపించవచ్చు. పండుగల కబుర్లకు మాత్రం ఉంచుకోండి.

మూడో తరగతి నుంచి ఆ గడుల్లో చక్కని లెక్కలున్నాయి. కిందికి దిగితే 7 పెరుగుతుంది, కుడి మూలగా దిగితే 8, ఎడమ మూలగా దిగితే 6. అదే ఆగస్టులో 10, 11, 17, 18 నాలుగు గడులు తీసుకుంటే 10 + 18, 11 + 17 రెండూ 28. 10 నుంచి 26 దాకా మూడు అడ్డ వరసల్లో మూడేసి గడులు కూడితే మధ్యనున్న 18కి తొమ్మిదింతలు, 162. ఎందుకలా వస్తుందో పిల్లల్నే చెప్పనివ్వండి.

శేషానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సోమవారం నుంచి 100 రోజులకు ఏ వారం? 100లో ఏడులు 14, శేషం 2, కాబట్టి బుధవారం. 365లో ఏడులు 52, శేషం 1. అందుకే ఆగస్టు 15, 2025లో శుక్రవారం, 2026లో శనివారం, 2027లో ఆదివారం. 2028లో ఫిబ్రవరి 29 వచ్చి సోమవారాన్ని దాటించి మంగళవారం చేస్తుంది.

తప్పులు ఎక్కువగా "ఎన్ని రోజులు" దగ్గర వస్తాయి. 12 నుంచి 18 దాకా పరీక్షలంటే ఏడు రోజులు, 12 నుంచి 18కి ఇంకా ఎన్ని రోజులంటే ఆరు. మొదటి ప్రశ్నలో గడులు లెక్కపెడతాం, రెండోదానిలో గంతులు. పిల్లకు ఈ రెండు మాటలే ఇవ్వండి, గడులా గంతులా అని ప్రతిసారీ తనను తానే అడుగుతుంది. రెండు వారాలను మనం పదిహేను రోజులనడం కూడా ఇందులోకే వస్తుంది: ఒక సోమవారం నుంచి రెండు వారాల తర్వాతి సోమవారానికి గంతులు 14, గడులు 15.

మీరు ఎవరైతే ఏది

ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసే బడిలో: పొద్దున్నే ఐదు నిమిషాలు క్యాలెండరు అందరికీ ఒకేసారి, తరగతిని బట్టి ప్రశ్న మారుతుంది. ఒకటో తరగతిని రేపటి తేదీ అడగండి, ఐదో తరగతిని వంద రోజుల తర్వాతి వారం అడగండి. తర్వాత నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని బ్యాంకులో కూర్చోబెట్టి రెండు, మూడు తరగతులకు చీటీల తీసివేత అప్పగించొచ్చు. చీటీ మార్చుకోవడంలో తప్పు జరిగితే పెద్దపిల్లకే ముందు తెలుస్తుంది. గడియారం మాత్రం నలుగురైదుగురి గుంపుకే పెట్టుకోండి. తరగతి మొత్తానికి ఒకేసారి చూపిస్తే వెనక కూర్చున్నవాళ్లకు చిన్న ముల్లు ఎక్కడుందో కనిపించదు.

ఇంట్లో పది నిమిషాలే దొరికే తల్లిదండ్రులకు: వారానికోసారైనా పాలు, కూరగాయలు నోట్లతో కొని, చిల్లర పిల్లచేత లెక్కపెట్టించండి. ఫోన్‌తో కడితే పిల్లకు లెక్క కనిపించదు. గడియారానికి విడిగా సమయం అక్కర్లేదు. "పావుతక్కువ ఎనిమిదికి ఆటో వస్తుంది, ఇంకా ఎంతసేపుంది?" అన్న ఒక్క ప్రశ్న రోజూ అడిగితే సరిపోతుంది, గోడమీద ముళ్ల గడియారం ఉంటే.

విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకు: తీసివేత, దశాంశాలకు అక్కడి నాణేలే వాడండి, వాళ్ల చేతిలోకి వచ్చేవి అవే. అమెరికాలో అయితే పది సెంట్ల బిళ్ళ ఐదు సెంట్లదానికంటే చిన్నది, కాబట్టి పరిమాణం చూడొద్దన్న జాగ్రత్త అక్కడ ఇంకా అవసరం. పాతిక సెంట్ల బిళ్ళ చేతిలో పెట్టి పావలా కథ చెబితే భిన్నమూ, మాటా రెండూ అందుతాయి. గడియారం చదివించేటప్పుడు తెలుగులోనే అడగండి. "మూడుంపావు" అర్థమైన పిల్లకు అక్కడి బడిలో పావు గంట లెక్క కొత్తగా ఉండదు.

మూడో తరగతి దాటినా తీసివేతలో తడబడే పిల్లకు: గడియారం పాఠం బడిలో నడుస్తున్నా ఇంట్లో ఓ నెల ఆపేసి 1, 10, 100 చీటీలకు వెళ్లండి. ఇరవై లెక్కల్లో పద్దెనిమిది చీటీలు ముట్టకుండా సరిగ్గా వస్తే కొట్టు ఆటకు, అక్కణ్నుంచి 61 సెంటీమీటర్ల కాగితం పట్టీకి. పట్టీమీద 40 నుంచి 60కి, 60 దాటి 15కి గెంతడం వచ్చిన రోజున 8:40, 10:15 లెక్క మళ్లీ ఇచ్చి చూడండి.